అర నిమిషం ఆగమన్న జాబర్ మామ

జాబర్ మామ పోయారన్న కబురు నాకు ఎవరూ వచ్చి చెప్పలేదు. మంగళవారం పొద్దున బడికి బయల్దేరుతూ ఫోన్‌లో ఆయన నడిపే ఫోరం తెరిచాను. రోజూ ఆయన "రాం రాం, ఏం తక్లీఫో పూరా చెప్పుండ్రి" అని రాసే చోట ఇంకెవరో రెండు ముక్కలు రాసి పెట్టారు. నిద్రలోనే గుండె ఆగిందట. పదకొండు గంటలకు తీసుకుపోతారట. కరోనా రెండేళ్లూ దాటొచ్చిన మనిషి, అందరి మాస్కులూ గడ్డం కిందికి జారిపోయిన ఈ రోజుల్లో, మామూలుగా పోయారు. నేను వేసుకున్న చెప్పులు విడిచేసి గుమ్మంలోనే కూలబడ్డాను. ఆ రోజు బడికి పోలేదు.

ఆయనకూ మాకూ చుట్టరికం ఏమీ లేదు. సూరత్‌లో మా గల్లీలో మా ఎదురింట్లో ఉండేవారు. మా అమ్మ ఆయన్ను అన్నా అని పిలిచేది, కాబట్టి నాకు మామ. మాది సాంచల బతుకు. సాంచ అంటే కరెంటు మగ్గం. ఆగిన సాంచను మళ్లీ నడిపించే మేస్త్రీని కార్ఖానాలో జాబర్ అంటారు. కుడిచేతి రెండు వేళ్లు ఒక సాంచకే పోగొట్టుకున్నాక ఆయన పానా పట్టడం మానేశారు గానీ జాబర్ అన్న పేరు మాత్రం ఆయన్ను వదల్లేదు.

ఆయన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మౌస్ పట్టడం నేర్పింది మాత్రం నేనే. నేను మునిసిపల్ తెలుగు బడిలో టీచర్ని. ఆదివారాలు వచ్చి, పిల్లల బెంచీ మీద మోకాళ్లు ఇరికించుకుని, మిగిలిన మూడు వేళ్లతో తెలుగు టైపు చేయడం నేర్చుకున్నారు. ఏడాది తిరగకుండా నాకు అర్థం కాని సంగతులు మాట్లాడడం మొదలుపెట్టారు. సాంచల పనివాళ్ల కోసం ఒక ఫోరం తెరిచారు. ఏ సాంచ ఎందుకు ఆగుతోంది, ఏ సామాను ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ పని ఉంది, ఎక్కడ గది ఖాళీగా ఉంది అని అడిగేవాళ్లు అడుగుతారు, తెలిసినవాళ్లు చెబుతారు. సూరత్‌తో మొదలై భివండి, షోలాపూర్, సిరిసిల్ల దాకా పాకింది. చూస్తుండగానే వేలమంది అయ్యారు.

ఎవరేం అడిగినా ముందు ఆయన నాలుగు ప్రశ్నలు వేసేవారు. ఎక్కడ? ఏమైంది? ఎప్పటి నుంచి? నువ్వేం చేసి చూసినవ్? నాకు విసుగొచ్చేది.

"జవాబు తెలిసినప్పుడు చెప్పేయొచ్చు గద మామా, గీ పోలీసు విచారణ ఎందుకు?" అని ఒకసారి అడిగాను.

"పూరా చెప్పినోనికి ఆధా పని అక్కడ్నే అయిపోతది బిడ్డా," అన్నారు చాయ్‌లో ఖారీ బిస్కెట్ ముంచుకుంటూ. ఖారీ ముంచితే మూడో సెకనుకల్లా చాయ్‌లో పడిపోతుంది. ఆయనది ఎప్పుడూ పడిపోయేది కాదు. అదేం లెక్కో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి లాక్‌డౌన్‌లో సాంచలన్నీ ఒక్కసారే ఆగాయి. పుట్టిన దగ్గర్నుంచి ఆ చప్పుడులో నిద్రపోయినవాళ్లం, చప్పుడు లేక నిద్రపట్టక లేచి కూర్చున్నాం. ఊరికి రైళ్లు వేస్తారని మాట పుట్టగానే జనమంతా ఫోరం మీద పడ్డారు. అందరూ ఒకే మాట వెతుకుతున్నారు, రైలు, రైలు, రైలు. జవాబు రాకపోతే మళ్లీ నొక్కుతున్నారు. రెండో రోజుకు ఫోరం చతికిలబడింది. అసలు రైలు సమాచారం అందులోనే ఉంది, చదవడానికి మాత్రం ఎవరికీ తెరుచుకోదు.

మూడో రోజు మళ్లీ తెరుచుకున్నప్పుడు ఒక కొత్త నియమం కనిపించింది. ఒకసారి వెతికాక అర నిమిషం దాకా మళ్లీ వెతకడానికి లేదు. నొక్కితే "జర ఆగుండ్రి, ఇంక ఇన్ని సెకండ్లు" అని వస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు ఇంకా ఎక్కువసేపు. జనం ఊరుకుంటారా, నానా మాటలూ అన్నారు. నేను మాటలనలేదు గానీ మొహం మాడ్చుకున్నాను.

ఆయన నాకు ఓపిగ్గా చెప్పారు. ఒక పేజీ తెరవడమంటే, సిద్ధంగా ఉన్న కాగితం తీసి చేతిలో పెట్టినంత తేలిక. వెతకడమంటే అన్నేళ్ల రాతల్లో ఆ మాట ఎక్కడెక్కడ ఉందో మిషన్ గాలించాలి. ఒక్కరు వెతికే కష్టంలో ఎంతోమంది చదువుకోవచ్చు. పైగా వెతికేవాళ్లందరూ మనుషులు కూడా కాదట. ఊరికే జనం ఫోన్ నంబర్లన్నీ ఏరుకుపోవడానికి ఎవరెవరో ప్రోగ్రాములను పంపుతారట. అవి అలసిపోవు, అన్నం తినవు, నిమిషానికి వందసార్లు వెతుకుతాయి.

"మనిషికి అర నిమిషం ఏం బరువు గాదు. గా దొంగ మిషన్లకు అదే ఉరితాడు," అన్నారు.

అర్థమైందన్నట్టు తలూపాను. బళ్లో నల్లా దగ్గర తోసుకునే పిల్లలకు లైను గురించి రోజూ పాఠం చెప్పేదాన్ని కదా, నాకు అర్థం కాకపోవడమేముంది! ఎంత అర్థమైందో మరుసటి ఏడాది తేలింది.

కరోనా రెండో విడత వచ్చేసరికి మామా వాళ్లు ఊరి చివర ఉన్ అనే పేటకు ఇల్లు మారారు. ఒకరి గడప ఒకరు తొక్కని రోజులవి. మా అమ్మకు జ్వరం వచ్చిన ఐదో రోజు మధ్యాహ్నం, వేలికి పెట్టిన ఆక్సిజన్ మిషన్‌లో అంకె తొంభై కిందికి దిగింది. మాట మధ్యలో ఊపిరి అందడం లేదు. తెలిసిన ఆసుపత్రులన్నిటికీ ఫోన్ చేశాను, ఎక్కడా మంచం ఖాళీ లేదు. ఫోరం తెరిచి ఆక్సిజన్ అని వెతికాను. పేజీల మీద పేజీలు వచ్చాయి, ఏడాది కిందటివి కూడా. మళ్లీ నొక్కాను. జర ఆగుండ్రి. మళ్లీ నొక్కాను. జర ఆగుండ్రి.

అప్పుడు నేనొక తెలివైన పని చేశాను. మా ఆయన ఫోను, మా తమ్ముడి ఫోను, అమ్మ ఫోను తెచ్చి నాలుగూ వరసగా పెట్టి, నాలుగింటి నుంచీ ఒకేసారి వెతకడం మొదలుపెట్టాను. అన్నీ ఒకే వైఫై మీద ఉన్నాయి. ఐదు నిమిషాల్లో మా ఇల్లు మొత్తానికి వెతకడం బంద్ అయింది, గంటసేపు. నన్నూ దొంగ మిషన్ అనుకుంది ఫోరం.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. మామకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అన్నాను.

"నీ అర నిమిషం పాడుగాను! మా అమ్మ ఊపిరి పోతున్నది ఇక్కడ. నీ ఇంట్ల ఎవలికన్న గిట్లయితే గప్పుడు తెలుస్తది నీకు!"

 ఆయన ఎప్పటిలాగే అడిగారు.

"అమ్మ ఉమ్మర్ ఎంత బిడ్డా? ఎన్నో రోజు? మిషన్ల ఎంత చూపెడుతుంది? ఎక్కడికన్న తీస్కపోనీకి బండి ఉన్నదా?"

ఏడుస్తూనే చెప్పాను. నాలుగు ఫోన్ల సంగతి కూడా చెప్పాను.

"కార్ఖానల సాంచ ఆగితే జాబర్‌ను పిలుస్తందుకు ఏం చేస్తరు? గా చప్పుడుల కేక వినపడదు. సాంచ మీద గుడ్డ కట్టి నిలబడతరు. గుడ్డలు చూసుకుంట వరసగ వస్తడు జాబర్. మొదలు నాదే చూడాలెనని మంచిగ నడిచే సాంచలకు గూడ గుడ్డ కడితే ఏమైతది? అసలు ఆగింది ఏదో జాబర్‌కు తెల్వదు. నువ్వు నాలుగు గుడ్డలు కట్టినవ్ బిడ్డా. కానీ తీ. ఫోన్ పెట్టకు. నేను వెతుకుత."

"జల్ది మామా."

"ఇంక పది సెకండ్లున్నయ్."

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోరం కట్టిన మనిషికి కూడా పది సెకండ్లేమిటి, ఈ ముసలాయనకు చాదస్తం కాకపోతే అనుకున్నాను. ఆ పది సెకండ్లూ మా అమ్మ ఛాతీ వైపే చూస్తున్నాను.

"వచ్చింది. రాసుకో," అన్నారు. ఆయన ఒక్క ఆక్సిజన్ అని వెతకలేదు. ఏం కావాలి, ఏ ఏరియా, ఏ రోజు, ఖాళీ ఉందా లేదా, అన్నీ కలిపి వెతికారు. మూడే జవాబులు వచ్చాయి. మూడోది ఆ పొద్దున పెట్టింది. కతర్‌గామ్‌లో పెళ్లిళ్లు చేసుకునే ఒక వాడీలో మంచాలు వేసి సిలిండర్లు పెట్టారు, ఆధార్ కార్డు తెస్తే చాలు. నంబర్ రాసుకున్నాను. థాంక్స్ కూడా చెప్పకుండా ఫోన్ పెట్టేశాను. గంటలో అమ్మ మూతికి ఆక్సిజన్ పెట్టారు. పన్నెండు రోజులకు ఇంటికి తీసుకొచ్చుకున్నాను.

తరువాత క్షమాపణ చెబుదామని ఫోన్ చేస్తే మాట తప్పించారు. "అత్తకు గూడ జర సుస్తయింది, ఇప్పుడు మంచిగున్నది. ఇగో, నువ్వు బళ్లె పిల్లలకు ఫోన్ల పాఠాలు ఎట్ల చెప్తున్నవ్?" అని అడిగారు. నేనూ వదిలేశాను. మంచితనానికి మనం ఎంత తొందరగా అలవాటు పడిపోతామో!

పదో రోజు కర్మకు ఉన్ వెళ్లాను. అందరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడు అత్త నన్ను లోపలి గదిలోకి పిలిచింది.

"అమ్మ మంచిగున్నదా? నడుస్తున్నదా?" అని అడిగింది ముందు.

"నడుస్తున్నదత్తా. మామ పెట్టిన భిక్ష," అన్నాను. ఆ మధ్యాహ్నం ఆయన్ను ఎన్ని మాటలన్నానో చెప్పుకుని ఏడ్చాను.

"నాకెరుకే బిడ్డా. విన్న," అంది అత్త. "చేతికి వేళ్లు లేకపాయె, ఫోనెప్పుడు స్పీకర్లనే పెడుతుండె. నేను గిదే మంచం మీద పండుకొని ఉన్న. నాక్కూడ ఎనభై ఎనిమిది చూపెడుతున్నది."

నేను ఆ మంచం వైపు చూశాను.

"పొద్దటి సంది నాకోసమే వెతుకుతున్నడు, సిలిండర్ ఎక్కడన్న దొరుకుతదా అని. నాకు పాణం విసిగి, 'అది నువ్వు పెట్టిన తాళమే కదా, నీ మటుకన్న తీసుకోరాదు' అన్న. 'నేను తీసుకుంటే ఇంకెవలికో ఆలస్యమైతది' అన్నడు. గంతల నీ ఫోన్ వచ్చింది, నీతోని మాట్లాడుకుంటనే నాకోసం ఇంకోసారి నొక్కిండు. ఇంక పది సెకండ్లల్ల మళ్ల నా వంతు. నా దిక్కు చూసిండు. నేను చెయ్యి ఊపిన, ముందు దానిది చూడు అని."

"అత్తా..."

"నువ్వట్ల అన్నందుకు ఆయనకు కోపం రాలే. 'బిడ్డ భయపడ్డది' అన్నడు, గంతే. కతర్‌గామ్ దాక పోనీకి మాకు బండి లేకపాయె, నా సిలిండర్ పొద్దుగూకినంక దొరికింది. ఎప్పుడో ఆయన దగ్గర పని నేర్చుకున్నాయన మోటర్‌సైకిల్ మీద కట్టుకొని తెచ్చిండు. నేను బతికిన, మీ అమ్మ బతికింది. ఇంకేంది?"

నీ ఇంట్లో ఎవరికైనా అయితే తెలుస్తుందని నేను అన్నది ఆ ఇంట్లో, ఆ మంచం వినేటట్టు. ఆ మాటకు ఆయన ఇచ్చిన జవాబు మా అమ్మ వయసు ఎంత అని. ఆయన వంతు మాకు ఇచ్చిన సంగతి చెప్పకుండానే పోయారు. చెప్పి ఉంటే నేను తల ఎత్తుకుని తిరగలేనని ఆయనకు తెలుసు. మామా, నీకు చెప్పాల్సిన థాంక్స్ నేను ఫోన్ పెట్టేసిన ఆ మధ్యాహ్నం నుంచీ బాకీ.

ఇంటికి వచ్చి అమ్మకు అంతా చెప్పాను.  మర్నాడు పొద్దున అమ్మ చీర మార్చుకుని, చెప్పులేసుకుని, "పా, వదినె దగ్గరికి," అంది. దారిలో బండి ఆపించి రెండు కిలోల పాపడీ చిక్కుడుకాయ కొంది.

అత్తా వాళ్లది మూడో అంతస్తు. జబ్బు పడ్డప్పటి నుంచి అమ్మ అన్ని మెట్లు ఎక్కలేదు. రెండో మలుపులో రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయింది. చప్పుడు విని అత్త పైమెట్టు దాకా వచ్చింది. రెండు మెట్లు దిగేసరికి తనకూ ఆయాసం వచ్చి గోడకు ఆనుకుంది.

"నిమ్మళంగ రా వదినే, తొందరేం లేదు," అంది పైనుంచి.

"నువ్వు దిగకు, నేనే వస్త," అంది అమ్మ కిందినుంచి.

ఇద్దరూ ఎక్కడివాళ్లు అక్కడే, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటున్నారు. పాపడీ సంచి పట్టుకుని నేను మధ్య మెట్టు మీద నిలబడి, ఆ రెండు ఊపిరులూ వింటున్నాను.