నోట పలకని నెల

మొన్న మనవరాలిని వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు స్కానింగుకు పోయాను. ఎనిమిదో నెల, బీపీ దిగడం లేదు, కాళ్లు వాచాయి. డాక్టరమ్మ బిడ్డ ఊపిరితిత్తులకు పోయే నాళంలో రక్తం పారే తీరును తెరమీద కొలిచి, ఊపిరితిత్తులు ఇంకా పక్వానికి రాలేదనీ, ఇప్పుడే పుడితే ఊపిరికి కష్టపడొచ్చనీ చెప్పింది. ఇంజక్షన్లు మొదలుపెట్టి, పసిపిల్లల డాక్టరు ఉన్నచోటే కాన్పు చేయిద్దామంది. ముందే తెలిసినందుకు సంతోషపడాల్సింది పోయి, బయట బెంచీ మీద కూలబడ్డాను.

నేను నర్సుగా చేరిన కొత్తలో ఆళ్లగడ్డలో మాకున్నదల్లా బీపీ మిషను, పొట్టకు ఆనించి బిడ్డ గుండె వినే గొట్టం, మా చేతివేళ్లు. ఎన్నో నెలో మాత్రం ఇంటివాళ్లు చెబితే కార్డులో రాసుకోవలసిందే. ఒకరోజు పొద్దున విగ్రహాలు చెక్కే ఆయన భార్యను ఆమె అత్త తీసుకొచ్చింది. మొహమంతా వాపు, కళ్లు బైర్లు కమ్ముతున్నాయంటోంది. నెల అడిగితే అత్త తడుముకోకుండా తొమ్మిది పడిందంది, నేనూ అంతే తడుముకోకుండా రాశాను. పొట్ట చిన్నదిగానే ఉంది, కానీ బీపీ వచ్చిన తల్లుల బిడ్డలు సరిగా ఎదగరు కదా అని సరిపెట్టుకున్నాను. నా రాత చూసిన డాక్టరు నెలలు నిండినట్టేనని నంద్యాలకు పంపకుండా అక్కడే కాన్పు చేశారు.

తల్లి దక్కింది. బిడ్డ మాత్రం పుట్టిన కాసేపటికే మూలుగుతూ, ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతూ నీలంగా మారింది. జీపులో నంద్యాలకు బయలుదేరాం. శిరివెళ్ళ దాటకముందే నా ఒళ్లోనే ఊపిరి ఆగిపోయింది. పక్కనున్న అత్త అప్పుడు నోరు విప్పింది.

"ఎనిమిదేనమ్మా. ఆ మాట నోటితో అంటే బిడ్డ నిలుస్తాదా? మా ఇండ్లల్లో ఎవురూ అనరు."

ఏడో నెల బిడ్డయినా బతుకుతుంది గాని ఎనిమిదో నెల బిడ్డ బతకదని మా వైపు భయం. అందుకని ఏడు కాగానే తొమ్మిదంటారు. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలియని సంగతి కాదు. ఇంకోసారి అడగలేదు, అంతే. ఆ తర్వాత ఎన్ని వందల కాన్పులు చేసినా ఆ బిడ్డ బరువు నా ఒళ్లోంచి దిగలేదు. నా మీద కోపాన్ని కూడా ఆ ముసలామె మీదికే నెట్టి, ఇన్నేళ్లూ ఆమెను తిట్టుకుంటూ బతికాను.

బెంచీ మీద పక్కన కూర్చున్న, సంజామల నుంచి వచ్చినామె నా మనవరాలి పొట్ట వైపు చూసి, "పాపకు ఎన్నో నెలమ్మా?" అని అడిగింది.

ఇప్పుడు కార్డులో రాసింది తప్పయినా స్కానింగు మిషను పట్టేస్తుంది, ఎవరి మాటా నమ్మనక్కరలేదు. ఆ రోజు అదొక్కటి ఉంటే చాలు కదా అని అనుకుంటూ ఉండగానే నా నోరు దానంతట అదే జవాబు చెప్పేసింది.

"తొమ్మిది పడిందమ్మా."

ఇక ఆ ముసలామెను ఏ మొహం పెట్టుకుని తిట్టను?