వ్యోమనౌక అడుగున తారు

మా ఎనిమిదడుగుల వ్యోమనౌక ఈరోజు పూర్తయింది. రాజోలులో మా బడి సైన్సు ఎగ్జిబిషన్ కోసం ముందు వెదురుబద్దలతో చట్రం కట్టాం, తర్వాత మైదా జిగురుతో కాగితాలు పొరలు పొరలుగా అంటించాం, నిన్న తెల్లరంగు వేశాం. కిటికీలు దిద్దడానికి, పడవలకు రంగులేసే ఏసుపాదం గారిని పిలిచాను. సాయంత్రం వెళ్లి చూస్తే కిటికీలు నిజం అద్దాల్లా మెరుస్తున్నాయి. నాకు గంతెయ్యాలనిపించింది. వంగి చూస్తే అడుగంతా నల్లగా తారు.

“ఇది ఆకాశంలో తిరిగేదండీ, తారెందుకు పూసేరు?” అన్నాను.

“ఆయ్, తిరిగేక దిగాలి కదండీ మేష్టారూ. మన కోనసీమలో ఎక్కడ దిగినా నీళ్లేనండీ.”

ఇన్ని వారాలూ ఎగరడం గురించే ఆలోచించాను, దిగడం సంగతి నాకు తట్టనే లేదు. తారు అలాగే ఉంచేశాను. మీరైతే గీకించేవారా?