నందే పట్టిన తాడు

బస్తర్‌లోని గీదంలో బాబూరావు అంటే ఎవరికీ తెలియదు. అడవి సరుకు గోదాము బండి డ్రైవరు అంటే మాత్రం బస్టాండులో చాయ్ కాచేవాళ్లు కూడా చెయ్యెత్తి చూపిస్తారు. చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ కొనే ప్రభుత్వ సంస్థ ఒకటుంది. మొదట దాని గోదాములో మూటలు మోశాడు. తర్వాత బండి నేర్చుకుని స్టీరింగు పట్టాడు. పుట్టింది ఆవపల్లిలో, దొర్ల తెగవాళ్ల ఇంట్లో. ఇంట్లో దొర్లి, సంతలో తెలుగు, సర్కారీ మనుషులతో హిందీ, గది అద్దెకిచ్చిన ముసలమ్మతో హల్బీ. ఇన్ని భాషలు వచ్చి ఏం లాభం, పెళ్లాన్ని ఒప్పించడం ఏ భాషలోనూ చేతకాలేదు.

భార్య నందే ఆవపల్లి వదలనంది. పొలం ఉంది, ఇప్పచెట్లున్నాయి, కోళ్లున్నాయి. ఇవన్నీ వదిలి వచ్చి నీ గదిలో ఏం నాటాలని ఒకసారి అడిగింది. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అప్పట్లో ఆవపల్లికి సరైన రోడ్డు లేదు. బీజాపూర్ దాకా బస్సు, అక్కణ్ణుంచి సైకిలు, వానాకాలంలో అదీ లేదు. ఏడాదికి రెండుసార్లు ఇంటి ముఖం చూస్తే గొప్ప. తర్వాత రోడ్డు పడింది, బస్సు నడిచింది, బాబూరావు మోటారుసైకిలు కొన్నాడు. అయినా ఏడాదికి రెండుసార్లే వెళ్లేవాడు. ఎందుకని అడిగితే డ్యూటీ అనేవాడు. డ్యూటీ అనే మాట వెనక దాక్కున్న మగవాళ్లను లెక్కపెట్టాలంటే బస్తర్ చాలదు.

అలా ఉండగా సంస్థ ఈ దక్షిణ ప్రాంతంలో రెండు కొత్త ప్రాంతీయ కార్యాలయాలు తెరవాలనుకుంది. ఒకటి సుక్మాకు ఖాయమైంది. రెండోదానికి మూడు ఊళ్ల పేర్లు వచ్చాయి: గీదం, కిరండూల్, ఆవపల్లి. మూడో పేరు చెవిన పడ్డ సాయంత్రం బాబూరావుకు అన్నం సహించలేదు. ఆవపల్లికి ఆఫీసు వస్తే దానికో బండి ఉంటుంది. బండికి డ్రైవరు కావాలి. ఆ ఊరివాడు తనే కదా. పొద్దుగూకగానే తాళం గోడకు తగిలించి ఇంటికి నడిచి వెళ్లొచ్చు, నందే చేసిన జావ తాగి వాకిట్లో మంచం వాల్చుకోవచ్చు. బండి ఏ చింతచెట్టు నీడన నిలపాలో కూడా తేల్చేసుకున్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం.

స్థలాలు చూడటానికి రాయపూర్ నుంచి వచ్చిన అధికారి పేరు చక్రధరరావు. ఆయన కిరండూల్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగాడు. తండ్రి విజయనగరం వైపు నుంచి ఇనుపరాయి మోసే రైలు లైను మీద పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. అందుకని ఆఫీసు కిరండూల్‌కే పోతుందని గోదాములో అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం కిరండూల్‌లో ఒక పూట తిరిగి, చిన్ననాటి స్నేహితుడు జాన్‌బాబు ఇంట్లో చేపల పులుసు తిని, బండెక్కుతూనే ఆ ఊరి పేరు కొట్టేశాడు.

"గనిలో జీతగాళ్లున్నారు, రైల్లో జీతగాళ్లున్నారు. చింతపండు తెచ్చేవాళ్లు ఏరి బాబూరావూ? జనం వాళ్లంతట వాళ్లు ఎక్కడికొస్తారో అక్కడే పెట్టాలి" అన్నాడు.

ఆ మాటతో బాబూరావుకు ప్రాణం లేచొచ్చింది. జనం రావడమే కొలత అయితే ఆవపల్లి సంతను మించింది ఏముంది? అడవి నలుమూలల నుంచీ కావళ్లు, గంపలు, సైకిళ్లు. సంత రోజు ఆవపల్లి చూసినవాడు అక్కడ ఆఫీసేమిటి, కచ్చేరీయే పెట్టమంటాడు. మిగతా రోజుల్లో చూస్తే మాత్రం కోళ్లు తప్ప ఎదురొచ్చేవాళ్లుండరు. చిక్కేమిటంటే, చక్రధరరావు వెళ్దామన్నది సంతకు ముందురోజు.

బాబూరావు ఎన్నడూ అబద్ధమాడని మనిషేం కాదు, కానీ బండి విషయంలో ఆడలేదు. ఈసారి ఆడాడు. బ్రేకు అనుమానంగా ఉంది సార్, ఘాట్ దిగేటప్పుడు తెలిసింది, గీదంలో చూపించుకుని ఎల్లుండి పోదాం అన్నాడు. బ్రేకు మాట వింటే ఏ అధికారి అయినా మెత్తబడతాడు. మర్నాడంతా బాబూరావు మెకానిక్ దగ్గర చాయ్ తాగుతూ కూర్చున్నాడు. ఏ లోపమూ దొరక్క ఆ మెకానిక్, పాపం, ఉన్న బోల్టులే మళ్లీ బిగించాడు.

సంత రోజు పొద్దున్నే బయల్దేరారు. బీజాపూర్ దాటాక రోడ్డు మీద గంపలు కనబడాలి. ఒక్కటీ లేదు. ఇంకా పొద్దెక్కలేదులే అనుకున్నాడు బాబూరావు. ఇంకొంచెం పోయాక, సంతకు సరుకు తెచ్చే వ్యాపారుల వ్యానులు కూడా కనబడలేదేమని అద్దంలో వెనక్కి చూశాడు. ఊరి పొలిమేర దగ్గర మలుపు తిరిగేసరికి రోడ్డుకు అడ్డంగా తాడు. తాడుకు మామిడాకులు, అటూ ఇటూ ఆడవాళ్లు, పాట.

విత్తనాల పండుగ. అది జరగందే ఎవరూ మట్టిలో గింజ వేయరు. దానికి క్యాలెండరులో తేదీ ఉండదు. ఊరి పూజారి పెద్దలతో కూర్చుని రోజు పెడతాడు, మాట నోటినోటా పోతుంది. ఈసారి చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపి ఒకేసారి పెట్టుకున్నాయి. ఆ రోజుల్లో సంత లేదు, పని లేదు. మగవాళ్లు వేటకని అడవికి పోతారు. వేట ఇప్పుడు పేరుకే, తిరిగి తిరిగి కాళ్లనొప్పులతో వస్తారు. ఆడవాళ్లు తాడు పట్టి బండ్లు ఆపుతారు. బయటివాళ్లు తోచింది ఇచ్చి దాటాలి. వేటకు పోకుండా దొరికిన ఊరి మగవాడికి మాత్రం పైసలతో విడుదల లేదు, నెత్తిన బకెట్టెడు పేడనీళ్లు పడతాయి. సర్పంచైనా సరే, బడి పంతులైనా సరే.

ఇదంతా బాబూరావుకు పుట్టుకతో తెలుసు. తెలియంది రోజు ఒక్కటే. బీజాపూర్ వ్యాపారులకు తెలిసిన సంగతి తనకు తెలియలేదు. బండి ఆపి చూస్తే తాడు ఒక కొస పట్టుకుని నందే నిలబడి ఉంది.

చక్రధరరావు నవ్వుతూ దిగి నోటు తీసి ఇచ్చాడు. ఆడవాళ్లు ఆయన చుట్టూ ఒక చిందు వేసి బొట్టు పెట్టారు. తర్వాత వయసులో పెద్దదైన గంగే బాబూరావును చూసింది, పక్కనున్న బకెట్ ఎత్తింది. కొత్తగా ఉతికిన యూనిఫాం గుర్తొచ్చి బాబూరావు సీట్లోనే ముడుచుకున్నాడు. గంగే అడుగు ముందుకు వేసి, ఎందుకో ఆగి, నందే వైపు తిరిగింది.

నందే అతన్ని పై నుంచి కింది దాకా చూసింది. "దించు అత్తా. బయటోళ్ల బండి. డ్రైవరును గూడ పైసలడుగు" అంది.

ఆడవాళ్ల పాట ఆగింది. బాబూరావు జేబులో చెయ్యి పెట్టాడు, చేతికి తగిలింది ఇచ్చాడు. పేడనీళ్లయితే ఉతుక్కుంటే పోయేవి. నందే కిటికీ దగ్గరికి వచ్చింది. పక్కనున్న సారుకు కూడా తెలియాలన్నట్టు తెలుగులోనే మాట్లాడింది.

"పండుగని ఎరుక లేదా?"

"నాకెవరు చెప్పిన్రు?" అన్నాడు బాబూరావు.

"ఊర్లో ఉన్నోళ్లకు ఎవరన్న చెప్తరా?"

అతను గొంతు తగ్గించి, ఆఫీసు ఈడికొస్తే ఇంటికొచ్చి ఉంటానని, అందుకే సార్‌ను తెచ్చానని చెప్పుకున్నాడు.

"రోడ్డు పడి నాలుగేండ్లాయె" అంది నందే. "రోడ్డు మీద రానోడివి ఆఫీసు మీద వస్తవా?"

తాడు నేలకు దించింది. బండి దాని మీదుగా పోయింది.

సంత మైదానంలో ఖాళీ గుంజలు తప్ప ఏమీ లేవు. ఇవాళ పండుగ సార్, మామూలుగా ఇట్ల ఉండదని బాబూరావు చెప్పబోయాడు. చక్రధరరావు నమ్మాడు కూడా. నీ ఊరి పండుగ నీకే ఎలా తెలియలేదని మాత్రం అడిగాడు. ఏడాదికి రెండుసార్లే వస్తానని ఒప్పుకోలేక బాబూరావు డ్యూటీ సార్ అన్నాడు. తిరిగి వస్తుంటే ఆయనే మళ్లీ కదిపాడు.

"ఆ తాడు పట్టుకున్నావిడ నీకేటవుతాది?"

"మా ఇంటామె సార్."

ఆయన నవ్వబోయి మానుకున్నాడు. చాలా దూరం పోయాక, సంత నిండా జనమున్నా తన నిర్ణయం మారేది కాదన్నాడు. బీజాపూర్ వాళ్లయినా, కిరండూల్ వాళ్లయినా ఒక్క బస్సులో చేరగలిగేది గీదానికేనట. బాబూరావు సరే సార్ అన్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అతను ఒకే పూటలో రెండూ ఓడిపోయాడు. ఆఫీసు పోయినందుకు అనుకున్నంత బాధ కలగలేదు. గంగే చేతిలో దిగిపోయిన ఆ బకెట్ మాత్రం కళ్లముందు నుంచి కదల్లేదు. ఆ రాత్రి గదిలో సిగ్గుతో ఏడ్చాడు.

గీదంలో కొత్త ఆఫీసు తెరిచారు, నీలంరంగు బోర్డు పెట్టారు. బండి బాబూరావుదే. మారిందల్లా ఒకటి. శనివారం తాళం అప్పగించగానే మోటారుసైకిలు తీసి ఆవపల్లి దారి పట్టేవాడు. మొదటి వారాల్లో నందే ఎందుకొచ్చావనీ అనలేదు, రమ్మనీ అనలేదు. జావ ముంత ముందు పెట్టి తన పని తాను చూసుకుంది. వానలొచ్చాయి, నాట్లు పడ్డాయి, కోతలు అయిపోయాయి, ఇప్పపువ్వు రాలింది. ఈ మధ్యలో పొలం పనికి అతని చేతులకు మళ్లీ కాయలు కాశాయి.

మళ్లీ పండుగ వచ్చింది. పూజారి రోజు పెట్టినప్పుడు బాబూరావు అక్కడే కూర్చుని ఉన్నాడు. సెలవు పెట్టి మగవాళ్లతో అడవికి కూడా పోయాడు. కానీ క్లచ్చు తొక్కిన కాళ్లు అంత కొండ ఎక్కలేకపోయాయి. మధ్యలోనే జారుకుని, ఎవరూ చూడరులెమ్మని పొలాల గట్టున వస్తుంటే ఆడవాళ్లు పట్టేసుకున్నారు.

గంగే బకెట్ ఎత్తి, పోయినేడాదిలాగే నందే వైపు చూసింది. నందే తాడు పక్కనామెకు అప్పగించి, గంగే చేతిలోంచి బకెట్ తీసుకుని, తనే నెత్తిన కుమ్మరించింది.

బాబూరావు కళ్లు తుడుచుకుని, ఇంకా ఉందా అని అడిగాడు.