కుందేలు ఒక్కపొద్దు

ఆ శనివారం పొద్దున మా కుందేలు క్యారెట్ ముట్టలేదు. బిస్కెట్ పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. మా అత్తమ్మ అప్పటికే తలస్నానం చేసి దేవుడి పటాల ముందు కూర్చుంది. శనివారం ఆమెకు ఒక్కపొద్దు. పొద్దుగూకి దీపం పెట్టేదాకా చాయ్, మంచినీళ్లు తప్ప ఇంకేదీ నోట పెట్టదు.

"సూడే, ఇయ్యాల ఇది గుడ నాతోని ఒక్కపొద్దున్నది," అంది.

ఆ మాట మాకు ఎంత నచ్చిందో చెప్పలేను. అత్తమ్మ దాని నుదుటన చిటికెడు కుంకుమ అద్దింది. నేను ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాను. క్షణంలో దండాల బొమ్మలు వచ్చిపడ్డాయి. పక్కింటి ఖాలా చూడ్డానికి వచ్చి, "అయితే ఇది మా రంజాన్ రోజా లెక్కనే కదా, మంచినీళ్లన్న తాగుతున్నదా?" అని అడిగింది. అందరం నవ్వాం. మంచినీళ్లు తాగుతున్నదా లేదా అని మాత్రం ఎవరమూ చూడలేదు.

నాకైతే ఆ పొద్దు ఇంకో సంబరం కూడా. రోజూ కుట్టుమిషను కింద, అత్తమ్మ మంచం కింద, వంటింటి గడప దగ్గర అది వేసిన పెంటికలు ఏరలేక నా నడుము పడిపోయేది. తిట్టుకుంటూనే ఊడ్చేదాన్ని. ఆ రోజు చీపురుకు ఒక్కటంటే ఒక్కటి తగల్లేదు. ఇవాళ నన్ను బతికించిందనుకుని బ్లౌజులు కుట్టుకోవడానికి కూర్చున్నాను.

అసలా కుందేలు మా ఇంటికి రావడమే నాకు ఇష్టం లేదు. మా ఆయన గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆయనతో డ్యూటీ చేసే బిహార్ అతను ఊరికి తిరిగి వెళ్లిపోతూ దాన్ని అట్టపెట్టెలో పెట్టి మాకిచ్చి పోయాడు. కొల్లూరు కాలనీలో తొమ్మిదో అంతస్తు, రెండు గదుల ఇల్లు. మనుషులు కాళ్లు చాపుకోవడానికే జాగా లేదు, పైగా ఇదొకటా అని మా ఆయన్ను దులిపేశాను. ఆయన ఎప్పటిలాగే విననట్టు చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

అత్తమ్మ మాత్రం దాన్ని వదల్లేదు. పటాన్‌చెరులో కిరాయికున్నప్పుడు ఆమె సాయంత్రమైతే గడప మీద కూర్చునేది. వీధి వీధంతా ఆమె దగ్గర ఆగి మాట్లాడి పోయేది. ఇక్కడ లిఫ్టు దిగితే ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటారు. వచ్చిన కొత్తలో ఆమె మాట్లాడటమే తగ్గించేసింది. అడిగితే తలాడించడం, లేకపోతే కిటికీలోంచి కిందికి చూస్తూ కూర్చోవడం. కుందేలు వచ్చాకే మళ్లీ గొంతు లేచింది. మోకాళ్ల నొప్పి, కూరగాయల ధరలు, కలలో కనబడ్డ మామయ్య, అన్నీ దానికే చెప్పేది. నా మీద చాడీలు కూడా దానికే చెప్పేది, అదీ నేను వింటున్నానని తెలిసే. అది పోతే ఆ ఇంట్లో ఏం మిగులుతుందో నాకు బాగా తెలుసు.

మధ్యాహ్నం పప్పులోకి కొత్తిమీర తీశాను. కవరు గలగలమంటే చాలు, ఆ కుందేలు ఏ మూలనున్నా జారుకుంటూ, గోడలకు గుద్దుకుంటూ వచ్చేది. ఆ రోజు రాలేదు. నేనే మంచం కింద వంగి చూశాను. గోడ మూలకు ముడుచుకుని కూర్చుంది. ముందుకాళ్లు లోపలికి ముడిచి, కళ్లు సగం మూసి ఉంది. కొత్తిమీర మూతికి ఆనించినా కదల్లేదు. చెవి దగ్గరగా పెట్టి వింటే పళ్లు నూరుతున్న చప్పుడు. తల నిమిరినప్పుడు సన్నగా ఆడించే పళ్లు కావవి, నొప్పికి ఓర్చుకుంటూ గట్టిగా కటకటలాడిస్తున్నది. చెవులు పట్టుకుంటే చల్లగా తగిలాయి. కడుపు బిగుసుకుపోయి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, పొద్దున చీపురుకు ఒక్క పెంటికా తగలకపోవడం. బిహార్ అతను అట్టపెట్టె చేతిలో పెడుతూ, "భాభీ, ఖానా ఛోడ్ దే తో రుక్నా మత్," అన్నాడు. తినడం మానేస్తే ఆగొద్దని. మా ఇంట్లో తిండి మానేసేవాళ్లు ఎవరూ లేరులే అని నేను ముఖం మీదే అనేశాను.

"అత్తమ్మా, దీనికి బాగలేదు. ఒక్కపొద్దు గిక్కపొద్దు కాదు, దవాఖానకు పోదాం పా."

"ఏం గాదే. కడుపు బరువైనట్టున్నది. ఒక్క పూట మాడితె అదే సాఫ్ అయితది. మనకు కడుపునొస్తె మనం జెయ్యమా?"

"మనం మనుషులం. అది కుందేలు."

"కుందేలైతె ఏంది, కడుపు కడుపు కాదా? మొండిగ తినిపియ్యకు. ఒక్కపొద్దు నడుమల చెడగొడితె పాపం తగుల్తది," అంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె చెయ్యి కుందేలు వీపు మీదే ఉంది. భయం ఆమెకూ పట్టుకుందని ఆ చెయ్యి చూస్తే తెలుస్తుంది. ఒప్పుకుంటే భయం నిజమైపోతుందని ఆగుతున్నదంతే.

ఖాలా వాము నీళ్లు కాచి తెచ్చింది. పసిపిల్లలకు పట్టేదే, మంచిదే అంది. అత్తమ్మ కూడా సరేనంది. నేను చెంచాతో దాని నోట్లో పోశాను. సగం గదవ మీదుగా కారిపోయింది. మిగతా సగానికి అది తుమ్మి, తల విదిలించి, గుర్రుమన్నట్టు ఊపిరి తీసింది. ఎక్కడ ఊపిరితిత్తుల్లోకి పోయిందోనని నా ప్రాణం పోయినంత పనైంది. చెంచా సింకులో పడేశాను.

మా ఆయనకు ఫోన్ చేస్తే లాభం లేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఫోన్లు తీసి పెట్టేస్తారు, సాయంత్రం దాకా అందడు. నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఒకావిడ ఇంట్లో కుక్క ఉంది. ఆవిడకు చేస్తే బీరంగూడలో జంతువుల డాక్టర్ నంబరిచ్చింది. ఎత్తింది డాక్టరమ్మే.

"ఎప్పటి నుంచి తినట్లేదు? పెంటికలు వేసిందా?"

"పొద్దటి సంది తినలేదు మేడం. పెంటికలు ఒక్కటి లేవు."

"అయితే సాయంత్రం దాకా ఆగకండి. ఇప్పుడే బయల్దేరండి. వెచ్చగా ఉంచండి. నోట్లో మాత్రం ఏమీ పొయ్యకండి."

నేను వాము నీళ్ల సంగతి చెప్పలేదు. వేడినీళ్లు సీసాలో పోసి గుడ్డ చుట్టి, కూరగాయల బుట్టలో పెట్టి, దాని పక్కన కుందేలును పడుకోబెట్టి, పైన నా పాత చున్నీ కప్పాను. అత్తమ్మ అప్పటికే చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఒక్కపొద్దుతో ఎండలో ఎందుకు, ఇంట్లో ఉండమంటే వినిపించుకోలేదు.

ఆటోలో బుట్ట ఆమె ఒళ్లోనే. రింగురోడ్డు పక్క దారంతా లారీలు, ట్యాంకర్లు. నాకు భయమేస్తే నోరు ఊరుకోదు. లారీవాళ్లను తిట్టాను. గుంతలో దించినందుకు ఆటో అతన్ని తిట్టాను. ఊరికి పోయిన బిహార్ అతన్ని తిట్టాను. కుంకుమ బొట్టు పెట్టినందుకు అత్తమ్మను కూడా తిట్టాను. ఆమె మాత్రం చున్నీ కింద చెయ్యి పెట్టి మధ్యమధ్యలో, "ఉన్నదే, పాణమున్నదే," అంటున్నది, అంతే. అలా అన్నప్పుడల్లా నేను ఊపిరి తీసుకునేదాన్ని.

డాక్టరమ్మ కుందేలును బల్ల మీద పెట్టి కడుపు నొక్కి చూసింది. చెవులకు గొట్టాలు పెట్టుకుని కడుపు మీద ఒక చోట విన్నది, ఇంకో చోట విన్నది, మళ్లీ మొదటి చోటుకే వచ్చింది. ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాం. బాగున్న కుందేలు కడుపులో ఎప్పుడూ గుడగుడమని చప్పుడు వినబడుతూ ఉండాలట.

"ఏమీ వినబడట్లేదమ్మా. పేగులు కదలడం ఆగిపోయింది."

ఎక్స్‌రే తీసింది. ఎక్కడా ఏదీ అడ్డం పడలేదు, గాలి నిండి ఉంది, అదొక్కటే మన అదృష్టం అంది. ఏం పెడతారని అడిగింది. క్యారెట్టు, బిస్కెట్టు, అప్పుడప్పుడు అన్నం అని చెప్పాను. మరి గడ్డి అంది. గడ్డి పెట్టం మేడం అన్నాను. మా దగ్గర గడ్డి ఉండేది నాలా పక్కన. ఆ నీళ్లలోంచి ఫ్యాక్టరీ వాసన వస్తుంది, కోసుకొచ్చి పెట్టాలంటే భయం. అందుకని బిస్కెట్లే మంచివనుకున్నాం.

"ఎండుగడ్డే దాని అసలు తిండి. నోరు ఆడుతూ ఉంటేనే పేగు ఆడుతుంది. ఇది మనలాంటి కడుపు కాదు. ఒక్క పూట ఖాళీగా ఉంచితే పేగు ఆగిపోతుంది, ఆగితే నొప్పి, నొప్పికి ఇంకా తినదు. అట్లా ఒకటిన్నర రోజుకే పోయినవాటిని చూశాను. పొద్దున తిననప్పుడే ఎందుకు తీసుకురాలేదు?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అన్నది. "ఒక్కపొద్దున్నదనుకున్నం బిడ్డా."

డాక్టరమ్మ నవ్వలేదు. కుందేలు నుదుటి మీది కుంకుమను దూదితో తుడిచి, నొప్పికి సూది వేసింది, చర్మం కింద సెలైన్ ఎక్కించింది. గడ్డిపొడి ఇచ్చి, గోరువెచ్చని నీళ్లలో జావలా కలిపి, సూది లేని సిరంజితో నోటి పక్క నుంచి కొంచెం కొంచెం పట్టమంది. మింగింది అని తెలిశాకే ఇంకో చుక్క. రేపు పొద్దుటికి పెంటికలు పడాలి, పడకపోతే ఇంకేం చెయ్యాలో చూద్దాం అని ఆగిపోయింది. ఆ ఆగిపోవడం మా ఇద్దరికీ అర్థమైంది.

ఇంటికొచ్చాక మొదటి సిరంజి నేను పట్టాను. జావ అంతా బయటికి తోసేసింది. అత్తమ్మ దాన్ని ఒడిలో కూర్చోబెట్టుకుని, మెడ కింద రెండు వేళ్లు పెట్టి, "తిను బిడ్డా, నీకేం లేదు ఒక్కపొద్దు, నేనే పిచ్చిదాన్ని, తిను," అంటూ పట్టుకుంది. నేను పక్క నుంచి చుక్క వదిలాను. చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. చివరికి గొంతు కదిలింది. అట్లా మళ్లీ మళ్లీ పట్టాం. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

దీపం పెట్టే వేళయింది. అత్తమ్మ దీపం పెట్టింది కానీ అన్నం దగ్గరికి రాలేదు. కంచం పెట్టి పిలిచాను. రాలేదు. మళ్లీ పిలిస్తే, "అది తినని," అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరూ నా మీద పంతం పట్టారా, ఒకరికి తినిపించలేక చస్తుంటే ఇంకొకరా అని అరిచాను. అరిచాక ఏడుపొచ్చింది. వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆమె మంచినీళ్లు మాత్రం తాగి, కుందేలు పక్కనే నేల మీద నడుం వాల్చింది.

తెల్లవారింది. నేను పాలు తేవడానికి కిందికి పోయి వచ్చేసరికి అత్తమ్మ మంచం పక్కన మోకాళ్ల మీద ఉంది. ఆ మోకాళ్లతో ఎలా వంగిందో తెలియదు. అరచెయ్యి చాపి నాకు చూపించింది. చేతిలో చిన్న పెంటికలు, ఒకదానికొకటి అంటుకుని వంకరగా ఉన్నాయి. శనివారం నాడు నేను చీపురు పట్టుకుంటేనే దూరం జరిగే మనిషి వాటిని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. ఆమె వెనకాల కుందేలు మెల్లగా లేచి రెండడుగులు వేసి ఆగింది. కొత్తిమీర కాడ ఒకటి మూతి ముందు పెట్టాను. వాసన చూసింది. చాలాసేపు ఆలోచించింది. తర్వాత నమలడం మొదలుపెట్టింది.

అత్తమ్మ చేతులు కడుక్కుని వచ్చి, "అన్నం బెట్టు," అంది.

నిన్నటి పప్పే వేడి చేసి పెట్టాను. రెండు ముద్దలు తిన్నది. మూడోది కలుపుతూ కలుపుతూ ఆగింది.

"నిన్న నేను నవ్విన కదనే, ఒక్కపొద్దున్నదని."

"అందరం నవ్వినం, అత్తమ్మా. ఇగ వదిలెయ్."

"మా ఇంట్ల గుడ గిట్లనే అంటుండె. పొయ్యి ముట్టియ్యని దినం మా అమ్మ 'ఇయ్యాల ఒక్కపొద్దు బిడ్డా' అంటుండె. ఒకసారి సోమారం, ఒకసారి బుధారం, ఒక్కోసారి వరుసగ రెండు దినాలు. మేం గుడ దేవునికే అనుకుని సప్పుడు జెయ్యకుంట పండుకుంటుంటిమి. ఎంత భక్తో మా అమ్మకు అనుకుంటుంటి." ముద్దను కంచంలోనే అటూ ఇటూ దొర్లించింది. "పెండ్లయి మీ మామ ఇంటికొస్తె, మా అత్త చెప్పింది, ఒక్కపొద్దంటె వారానికి ఒకటే దినమని. గప్పుడు ఎరుకైంది నాకు."

కుందేలు ఇంకా కాడ నములుతూనే ఉంది.

"నోరు లేనిది, ఆకలితోనో నొప్పితోనో ముడుసుక కూసుంటె, నేను గుడ దానికి గా మాటనే చెప్పిన," అంది.

గిన్నె దగ్గరికి జరుపుకుని ఆమె కంచంలో ఇంకో గరిటె అన్నం వేశాను. వద్దనలేదు.