గార్డు పెట్టె వెనక రెండు బండ్లు

మొన్న మధ్యాహ్నం సుడిగాలి లేచి ఇంటినిండా ఎర్రదుమ్ము పోసింది. ఆ వేడి మట్టి వాసన ముక్కుకు తగలగానే గుండె దడదడలాడి అరుగు మీద కూలబడ్డాను. కోడలు హడలిపోయి నీళ్లు తెచ్చింది. "జబ్బేం కాదమ్మా, ఖాసీం సాబు గుర్తొచ్చాడు" అన్నాను. ఆమె ఆయన్ని చూడలేదు. మీరూ చూడలేదు.

అప్పటికింకా తెల్లదొరల కాలం. నంద్యాలకు కాస్త ఇవతల ఒక చిన్న స్టేషన్లో నేను అసిస్టెంటు మాస్టరును. కోర్టు గుమాస్తాలు, పెరుగు కుండల ఆడవాళ్లు, చీరల మూటలతో నేతగాళ్లు పొద్దున ప్యాసింజరులో పోయి సాయంత్రం ప్యాసింజరులో ఇళ్లు చేరేవారు. ఖాసీం సాబు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, యాభై దాటిన మనిషి. నాకేమో పరీక్ష పాసైన పొగరు. ఆయనకు సంతకం కూడా రాదు. అయినా ఏ బండి వచ్చినా "తోక చూసినావా సారూ?" అని అడిగేవాడు. చివరి పెట్టెకు తగిలించే ఎర్ర పలకే తోక. అది కంటబడితేనే బండి మొత్తం వచ్చినట్టు. అప్పుడే పక్క స్టేషనుకు తంతి కొట్టి, ఇంకో బండికి దారి ఇవ్వాలి. ఒకరోజు విసుగొచ్చి, "నాకు కళ్లు లేవనుకున్నావా సాబూ?" అన్నాను.

"కండ్లు ఉండాయి సారూ. చూసేదే మర్చిపోతాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఒక సాయంత్రం పెద్ద మాస్టరు సెలవులో ఉన్నాడు. దుమ్ముగాలిలో నంద్యాల వైపు నుంచి గూడ్సు వచ్చింది. కళ్లు నలుపుకుంటూ చూస్తే గార్డు పెట్టె కనబడింది. ఎప్పుడూ అదే చివర ఉంటుంది కదా, బండి వచ్చేసిందని తంతి కొట్టాను. వెంటనే ఆ పక్క స్టేషను, గూడ్సు వెనకే రావలసిన ప్యాసింజరుకు దారి అడిగింది. ఇచ్చేశాను.

ఇంతలో ఖాసీం సాబు పరుగెత్తుకొచ్చాడు. "తోక చూసినావా?"

"గార్డు పెట్టె చూశాను."

"పెట్టె కాదప్పా! పలక యాడుండాది?"

అప్పుడు గుర్తొచ్చింది నా పాడు బుర్రకు. గార్డు పెట్టె వెనక నాపరాళ్లు నింపిన రెండు సరుకు బండ్లు తగిలించామని పక్క స్టేషను నుంచి అంతకుముందే తంతి వచ్చింది. దాన్ని రాసుకున్నదీ నేనే. ఆ రెండూ కొక్కెం తెగి దారిలో ఎక్కడో నిలిచిపోయాయి. ఆ దుమ్ములో గార్డుకూ తెలియలేదు. ఉన్నది ఒకే జత పట్టాలు. వాటి మీదికి నిండు ప్యాసింజరును నేనే పిలిచాను.

"నా ఉద్యోగం పోతుంది సాబూ" అన్నాను. అంతమంది ప్రాణాల మీదికి వస్తే, సిగ్గులేని నోటికి మొదట వచ్చిన మాట అది.

"ఉద్యోగం సంగతి మల్ల చూద్దాం. ముందు తంతి కొట్టప్పా."

కొట్టాను. జవాబు లేదు. మళ్లీ కొట్టాను. వేళ్లు అక్షరాలు తప్పుతున్నాయి. పెట్టెలు ఒకదాని మీదొకటి ఎక్కిన చప్పుడు చెవుల్లో వినబడుతోంది. ఖాసీం సాబు వెనక నిలబడి నా భుజం మీద చేయి వేశాడు. "నిదానం. ఇంగోసారి" అన్నాడు. ఆయన గొంతు రోజూ ఉన్నట్టే ఉంది. ఆ గొంతే లేకపోతే నేను లేచి చేలకు అడ్డం పడి పారిపోయేవాణ్ని, ఒట్టు.

ఎన్నోసారో గుర్తులేదు, తంతి పలికింది. ప్యాసింజరు కదిలిందట. ఎర్రజెండా ఊపి స్టేషను కొసన ఆపారట.

నేను బల్ల మీద తలపెట్టి భోరుమన్నాను. ఖాసీం సాబు బయటికి నడిచి, గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు.

గూడ్సు ఇంజను వెనక్కి పోయి ఆ రెండు బండ్లనూ లాక్కొచ్చాక ప్యాసింజరు వచ్చింది. నిండు చూలాలు ఒకామె మెల్లగా దిగి, "నాయనా!" అంటూ ఖాసీం సాబు దగ్గరికి వచ్చింది. కాన్పుకు పుట్టింటికి వస్తున్న కూతురు. ఆ బండిలోనే వస్తుందని ఆయనకు పొద్దుటి నుంచీ తెలుసు.

"ఒక్క మాట చెప్పలేదేం సాబూ?" అన్నాను.

"చెప్పింటే నువ్వు ఇంగా బెదిరిపోయుంటివి కదప్పా."

ఆ తప్పును స్టేషను పుస్తకంలో నా చేత్తోనే రాశాను. శిక్ష పడింది, ఉద్యోగం మిగిలింది. తర్వాత పెద్ద స్టేషన్లలో నా కింద ఎందరో పనిచేశారు. తప్పు చేసి, మొహం పాలిపోయి నా ముందుకొచ్చేవారు. నాకు ముక్కుమీద కోపం, తిట్లు గొంతుదాకా వచ్చేవి. వాటిని మింగి, వెళ్లి వాళ్ల పక్కన నిలబడేవాణ్ని. లోపల నాకెంత వణుకు పుట్టినా, దాన్ని వాళ్లకు అంటనివ్వలేదు.