అశోక్‌నగర్‌లో ఒక వ్యాస ప్రశ్న

నా ప్రయాణాలు మామూలుగా కొండలకూ కోటలకూ ఉంటాయి. ఈసారి మాత్రం "సమాజం నుంచి పేదరికాన్ని పూర్తిగా తొలగించగలమా?" అనే ఒక పరీక్ష ప్రశ్న నన్ను హైదరాబాద్ తీసుకెళ్ళింది. నేను కామారెడ్డిలో జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. ఆరేళ్ళ కింద నా దగ్గర చదివిన స్వప్న రెండేళ్ళుగా అశోక్‌నగర్‌లో ఉంటూ గ్రూప్స్‌కు తయారవుతోంది. తండ్రి లేడు, తల్లి బీడీలు చుట్టి చదివించింది. పోయిన శుక్రవారం ఆ పిల్ల ఫోన్ చేసింది. "మేడం, ఆదివారం మా కోచింగ్‌ల వ్యాసం పరీక్ష. పేదరికం మీద. గిదే ప్రశ్నకు రెండుసార్లు తెల్లకాగితమే ఇచ్చొచ్చిన. నాతోని అయితలేదు. అమ్మకు వేళ్ళు వంగుతలేవు, బీడీలు బంద్ చేసింది. ఊర్ల బట్టల దుకాణంల పనుందట. ఆదివారం సాయంత్రం రైలుకు వచ్చేస్త." "నేనే ఆదివారం పొద్దున వస్తాను, సాయంత్రం కలిసి వద్దాం" అన్నాను.

తెల్లవారకముందే రైలెక్కాను. జనరల్ టికెట్ వంద రూపాయల లోపే. చేలమీద పొగమంచు ఎంత చిక్కగా ఉందంటే, రైలు నేలమీద నడుస్తోందా, పాలలో తేలుతోందా అనిపించింది. తొమ్మిదికి కాచిగూడలో దిగి, ఆటో ఆయన వందంటే ఎనభైకి ఒప్పించి, స్వప్న చదువుకునే చిక్కడపల్లి లైబ్రరీకి పోనిమ్మన్నాను. ఆయన అద్దంలో నా నెరిసిన జుట్టు చూసి నవ్వాడు. "అక్కా, మీరు గూడ పరీక్ష రాస్తుండ్రా?" "లేదన్నా, రాసే పిల్ల కోసం వచ్చాను." "నేను గూడ మూడుసార్లు రాసిన. అయిదేండ్లు గా అశోక్‌నగర్ గల్లీలల్లనే ఉన్న" అన్నాడు. గొంతులో బాధ లేదు, చిన్నప్పటి ఊరి గురించి చెప్పినట్టు చెప్పాడు. బర్కత్‌పుర దాటి నారాయణగూడ చౌరస్తాకు వచ్చేసరికి మంచు విడిపోతోంది. మెట్రో వంతెన నీడ, దాని పక్కన ఎండ, మళ్ళీ నీడ. ఆ వెలుగునీడల మధ్య నుంచి చిక్కడపల్లి చేరాం.

లైబ్రరీ ఆవరణలో చెట్ల కింద వందలమంది పిల్లలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని చదువుతున్నారు. కొందరు పెదవులు కదుపుతూ, కొందరు కళ్ళు మూసుకుని. ఆ గొణుగుడంతా కలిసి తేనెపట్టు దగ్గర వినిపించే చప్పుడులా ఉంది. ఆ చప్పుడులోకి అడుగు పెట్టగానే నాకు వయసు, ఊరు, వచ్చిన పని కొంచెంసేపు గుర్తులేకుండా పోయాయి. గోడవారన కూర్చున్న స్వప్న లేచి వచ్చి నా చేతిసంచి అందుకుంది. చిక్కిపోయింది. బయట బండి దగ్గర నలభై రూపాయల ఇడ్లీ ఇద్దరం పంచుకుని తిన్నాం.

"ఎక్కడ ఆగిపోతున్నావు?" అని అడిగాను.

"మొదటి వాక్యం కాడనే మేడం. 'పేదలు' అని రాయాలె. తర్వాత 'వాళ్ళు' అని రాయాలె. వాళ్ళెవరు? మేమే గద. పేదరికం పోతదని రాస్తే అబద్ధం అనిపిస్తది. పోదని రాస్తే అమ్మ ముఖం యాదికొస్తది."

ముప్ఫై ఏళ్ళుగా వ్యాసాలు రాయిస్తున్న మనిషిని. నిర్వచనం, కారణాలు, పరిష్కారాలు, ముగింపు అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. అందులో 'వాళ్ళెవరు?' అనే ప్రశ్న మాత్రం ఎప్పుడూ రాయలేదు.

పన్నెండింటికి అశోక్‌నగర్ వైపు నడిచాం. పదిహేను నిమిషాల దారి. జిరాక్స్ దుకాణాలు, పాత ప్రశ్నపత్రాల కట్టలు, హాస్టళ్ళ కిటికీల్లో ఆరేసిన బట్టలు, ఎటు చూసినా పరీక్షల బోర్డులు. ఒక సన్నటి గల్లీలో, పాత ఇంటి వరండాలో అండాలమ్మ మెస్ ఉంది. ఎనభై రూపాయలకు అన్నం, పప్పు, కూర, మజ్జిగ. అండాలమ్మకు యాభై అయిదు దాటి ఉంటాయి. పాలమూరు నుంచి కూలికి వచ్చి, ఈ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు ఇటుకలు మోసిన మనిషి. మా ఆకుల్లో పప్పు వేస్తూ స్వప్నను అడిగింది.

"ఇయ్యాల ఏం రాస్తవ్ బిడ్డా?"

"పేదరికం పోతదా అని రాయాలె పెద్దమ్మా."

అండాలమ్మ గరిటె ఆపింది. "మా ఇంట్లకెంచి పోయింది. ఏ దినమో గూడ నాకెరుకే."

మేమిద్దరం తలెత్తాం.

"నా చిన్న బిడ్డ బడికెంచి రాంగనే 'అమ్మా, అన్నమున్నదా?' అని అడిగేది. రోజు గదే మాట. ఒకనాడు వచ్చి 'అమ్మా, ఏం కూర?' అన్నది. పొయ్యి కాడ గట్లనే కూసుండిపోయిన. అన్నమున్నదా అని అడగలే. ఉంటదని దానికి ఎరుకైపోయింది."

"మీ కష్టంతోనే గదా" అన్నాను.

ఆమె నావైపు జాలిగా చూసింది. "కష్టంతోని పోయేదైతే ఇటుకలు మోసినప్పుడే పోవాలె గదమ్మా. రేషను బియ్యం అందినయ్. పెద్ద బిడ్డకు సర్కారు హాస్టల్ల సీటు దొరికింది. ఈ ఇంటి ఓనరమ్మ వరండల పొయ్యి పెట్టుకోనిచ్చింది. మూడు ఒక్కపారి కలిసినయ్. నాతోని ఇటుకలు మోసిన ఎంకటమ్మకు గూడ బియ్యమొచ్చె, సీటొచ్చె. గాని దాని పెనిమిటి మూడో అంతస్తుకెంచి పడ్డడు. పిల్లను చదువు మాన్పించి పనికి తోలింది. మళ్ల మొదటికే వచ్చింది. నాకంటె గట్టి మనిషి అది."

"గిప్పుడెట్లున్నది?" అని అడిగింది స్వప్న.

"రోజు సాయంత్రం నేనే అన్నం పంపుత. గాని బిడ్డా, నేను పంపుడు వేరు, దాని పొయ్యి మీద అది వండుకునుడు వేరు." అని అండాలమ్మ పక్క ఆకు దగ్గరికి వెళ్ళిపోయింది.

స్వప్న తిని, చెయ్యి కడుక్కుని, రెండింటికి పరీక్ష హాలుకు వెళ్ళిపోయింది. నేను లైబ్రరీకి తిరిగొచ్చి ఒక చెట్టు కింద కుర్చీలో వాలాను. ఆకుల మధ్య నుంచి ఎండ కనురెప్పల మీద ఆడుతోంటే కునుకు పట్టింది. కలలో ఒక పొడవాటి వీధి. వేల తలుపులు. బడి నుంచి వచ్చిన పిల్లలు ఒక్కో తలుపు తోసి "ఏం కూర?" అని అడుగుతున్నారు. నేను వీధి చివరిదాకా నడుస్తున్నాను, ఒక్క పిల్లయినా వేరే మాట అడుగుతుందేమోనని భయంగా చెవులు రిక్కించి వింటూ. చివరి తలుపు దగ్గర ఎవరూ లేరు. లోపలి నుంచి ఏ చప్పుడూ రాలేదు. మెలకువ వచ్చేసరికి నాలుగున్నర అయింది.

నేను వెళ్ళేసరికి కోచింగ్ మెట్ల దగ్గర స్వప్న, వాళ్ళ సార్ నిలబడి ఉన్నారు. సార్ పెద్దాయన. పేపరు ఆయన చేతిలోనే ఉంది. నన్ను పరిచయం చేస్తే దాన్ని నా చేతికిచ్చాడు. అది ఇలా మొదలైంది: "పేదరికం వెళ్ళిపోయిన ఇంటిని నేను చూశాను. అది తిరిగొచ్చిన ఇంటి గురించి విన్నాను. అది ఇంకా కదలని ఇంట్లో పెరిగాను. కాబట్టి పోదని అనలేను, పోయిందనీ అనలేను. మొదటి ఇంటిని నిలబెట్టినవి రెండో ఇంటిని ఎందుకు నిలబెట్టలేకపోయాయో అడుగుతాను." తర్వాత మూడు పేజీలు. ఎక్కడా 'వాళ్ళు' లేదు.

"అమ్మా, పరీక్షల గిట్ల రాస్తే మార్కులు పడవు. నిర్వచనం లేదు, ఒక్క పథకం పేరు లేదు" అన్నాడు సార్. పేపరు తీసుకుని స్వప్న వైపు తిరిగి, "గాని చివరిదాంక చదివిన. గియ్యన్ని చేర్చి వచ్చే ఆదివారం మళ్ల రాసుకరా" అన్నాడు.

నేను రైలు టైము చూసుకుంటున్నాను. స్వప్న నా చేతిసంచి నాకిచ్చింది. "మీరు పోండి మేడం. పరీక్ష అయినంక మెస్‌కు పోయి అడిగిన. అండాలమ్మకు పొద్దున కూరగాయలు కోసే మనిషి కావాలెనట. రెండు పూటల అన్నం, హాస్టల్ కిరాయికి సరిపోయేంత ఇస్తనన్నది. అమ్మకు ఫోన్ చేసిన. ఇంకొక్క ఏడాది చూడమన్నది. తిట్టింది గూడ." అని నవ్వింది. పొద్దుటి నుంచి ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి. నేను ఒక్కదాన్నే నారాయణగూడ దాకా నడిచి, అక్కడ కాచిగూడకు ఆటో ఎక్కాను.

పేదరికం పూర్తిగా పోతుందా అంటే ఆ రోజు తర్వాత కూడా నాకు తెలియదు. అది ఏదో ఒక పెద్ద రోజున దేశం మొత్తం నుంచి లేచి వెళ్ళిపోతుందని ఊహించుకునేదాన్ని. ఇప్పుడు మాత్రం అది ఇంటింటికీ వేరే రోజున పోతుందనీ, పోయాక తిరిగి రాకుండా ఆపడమే అసలు పని అనీ అనిపిస్తోంది. ఆ పని అండాలమ్మ ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. వెంకటమ్మకు అన్నం పంపే మనిషి ఉన్నందుకు సంతోషించాలా, పంపాల్సి వస్తున్నందుకు సిగ్గుపడాలా అని రైల్లో చాలాసేపు ఆలోచించాను. రెండూ చెయ్యాలనుకుంటాను.

మీరెప్పుడైనా అటు వెళ్తే ఒక్క మాట: ఈ గల్లీ మెస్సుల్లో భోజనానికి పన్నెండున్నర లోపే వెళ్ళండి. రెండు దాటాక వెళ్ళినా లేదనరు, ఆకు వేసి వడ్డిస్తారు. కానీ అది వండినవాళ్ళు తమకోసం దాచుకున్న అన్నం కావచ్చు.