దేవుడికి పది, గవర్నమెంటుకి ముప్పై

లూసమ్మకి కోపమొస్తే నోట్లోంచి బైబిలూ బాపట్లా కలిసి వస్తాయి. ఆ రోజు హౌసింగ్ ఆఫీసులో మాత్రం ఆ రెండూ పనికిరాలేదు. బల్లకవతల కూర్చున్న మిసెస్ కొవాల్స్కీకి తెలుగు రాదు. లూసమ్మ ఇంగ్లీషేమో, సరిగ్గా కోపం వచ్చినప్పుడే చేతులెత్తేస్తుంది.

“మీరు రాసిన జీతం ఒకటి, మీరు పనిచేసే చోటినుంచి వచ్చిన లెక్క ఇంకొకటి. సరిగ్గా పదో వంతు తగ్గించి రాశారు. ఎందుకు దాచారు?” అందావిడ.

“దాచలేదు. అది నాది కాదు.”

“మరెవరిది?”

“దేవుడిది.”

మిసెస్ కొవాల్స్కీ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆ కుర్చీలో కూర్చుని ఆవిడ ఎన్నో సాకులు విని ఉంటుంది గానీ, అద్దె సాయానికి వచ్చి దేవుడి వాటా మినహాయించమన్న మనిషి ఇంతవరకు తగిలి ఉండదు.

అది ఎనభై నాలుగో సంవత్సరం, అమెరికాలో షికాగో పక్కనున్న నేపర్‌విల్ ఊరు. లూసమ్మ బాపట్ల దగ్గర మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన మనిషి. మొగుడు దైవాశీర్వాదం వెంట ఇక్కడికొచ్చి, లైసెన్సు పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పి, ముసలివాళ్ల హోములో ఆయాగా కుదురుకుంది. స్నానాలు చేయించడం, అన్నం పెట్టడం, పక్కలు మార్చడం. మూడేళ్ల కిందట ఒక చలికాలం పొద్దున, షికాగో రైలు కోసం నిలబడి నిలబడి దైవాశీర్వాదం ప్లాట్‌ఫారమ్మీదే కూలిపోయాడు. మిగిలింది తనూ, పద్నాలుగేళ్ల కూతురు నవోమీ.

ఎంత ఇబ్బందొచ్చినా లూసమ్మ దశమభాగం తప్పలేదు. జీతం రాగానే పదో వంతు పక్కకి తీసి ఆదివారం కానుకల సంచిలో వేస్తుంది. అది ముట్టుకుంటే దొంగతనం కింద లెక్కని వాళ్ల నాన్న చిన్నప్పుడే నూరిపోశాడు. అందుకే అద్దె సాయం ఫారంలో ఆదాయమెంత అని అడిగినచోట తొమ్మిది వంతులే రాయించింది.

రాసింది నవోమీ. రాస్తూనే గొణిగింది. “మమ్మీ, దిస్ ఈజ్ రాంగ్. గ్రాస్ అంటే మొత్తం. మొత్తం రాయాలి.”

“నోర్ముయ్. ఏటా టాక్సు వేసేటప్పుడు ఆనందబాబు అంకులు చర్చికిచ్చింది తీసేస్తాడా లేదా? అదీ గవర్నమెంటే, ఇదీ గవర్నమెంటే. ఒక కిటికీ దగ్గర ఒప్పుకున్నది ఇంకో కిటికీ దగ్గర ఒప్పుకోకపోవడానికి వాళ్లకేం మాయరోగం?”

ఇప్పుడా మాయరోగమేదో మిసెస్ కొవాల్స్కీ ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఇది టాక్సు ఆఫీసు కాదు. మొత్తం ఆదాయం చూస్తారు. అందులోంచి పిల్ల పేరిట కొంచెం తీసేస్తారు. మిగిలినదాంట్లో నూటికి ముప్పై వంతున లూసమ్మ అద్దె కట్టాలి, తక్కిన అద్దె గవర్నమెంటు కడుతుంది. దేవుడి పేరిట తీసేయడానికి ఆ లెక్కలో చోటు లేదు.

“మొత్తం జీతం వేసినా మీకు సాయం వస్తుంది. ఆదాయం హద్దుకి కాస్త లోపలే ఉన్నారు. కానీ తగ్గించి రాయడం తప్పు. మీ చర్చినుంచి ఎవరైనా వచ్చి, ఆ డబ్బు నిజంగా అక్కడికే చేరుతోందని చెబితే పొరపాటుగా రాసుకుంటాను. వచ్చే వారం ఆఖరు లోపల తేలకపోతే మీ అద్దె సాయం సర్టిఫికెట్ వరసలో తర్వాతి వాళ్లకి వెళ్లిపోతుంది.”

ఆ సర్టిఫికెట్ కోసం లూసమ్మ రెండేళ్లు వరసలో ఉంది. ఇంటాయన వచ్చే నెల నుంచి అద్దె పెంచుతానని చెప్పేశాడు. సాయం రాకపోతే జీతంలో సగానికి పైగా దానికే పోతుంది. అంత కట్టలేకపోతే మళ్లీ చర్చి లెక్కలు చూసే ఆనందబాబు ఇంటి బేస్‌మెంటే గతి. దైవాశీర్వాదం పోయిన కొత్తలో తల్లీ కూతుళ్లు అక్కడ కొన్నాళ్లున్నారు. పైన వాళ్లు పడుకున్నారా లేచారా చూసుకుని కింద కుళాయి తిప్పాలి. పిల్ల దగ్గితే “పాపకి ఒంట్లో బాలేదా?” అని ఆనందబాబు భార్య ప్రేమజ్యోతి మెట్ల మీదనుంచి అడిగేది. ఆ అడగడంలో జాలి కంటే విసుగే ఎక్కువ వినపడేది. తన తాళం తన చేతిలో ఉండే తలుపు ఒకటి కావాలి. లూసమ్మ దేవుణ్ని అంతకుమించి ఏమీ అడగలేదు.

పాస్టరు ఆమోసు అయ్యగారు సంగతి విని వెంటనే వస్తానన్నారు. మంచి మనిషే. వారమంతా గోడౌనులో పెట్టెలు మోసి, ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చి వాళ్లు అరువిచ్చిన కింది హాల్లో తెలుగు ఆరాధన జరుపుతారు. ఒక పూట సెలవు పెట్టి, పెళ్లినాటి కోటు తొడుక్కుని, లూసమ్మ పక్కన కుర్చీలో కూర్చున్నారు.

“ఈవిడ ప్రతి నెలా పదో వంతు ఇస్తుంది. మా సంఘంలో ఇంత నమ్మకంగా ఇచ్చేవాళ్లు లేరు,” అన్నారు.

మిసెస్ కొవాల్స్కీ రాసుకుంది. పని అయిపోయింది. లూసమ్మ లేవబోయింది కూడా. అప్పుడావిడ ఉబుసుపోకకి అన్నట్టు ఒక మాటంది. “భర్త లేని మనిషి, చిన్న జీతం. ఈవిడ మీకిస్తూనే ఉంది. మరి మీరు ఈవిడకేం చేస్తారు?”

అయ్యగారి మెడ నిటారుగా అయింది. పరాయి మనిషి ముందు, అందులోనూ తెల్లావిడ ముందు, తెలుగు సంఘం తన విధవరాలిని గాలికొదిలేసిందని ఎలా ఒప్పుకుంటారు? విధవరాండ్రను పరామర్శించడమే నిజమైన భక్తి అని మొన్న ఆదివారమే ప్రసంగించారు.

“మా విధవరాండ్రని మేమే చూసుకుంటామండి. ఈవిడకి నెలకి రెండొందల డాలర్లు ఇస్తున్నాం,” అన్నారు గంభీరంగా.

లూసమ్మ చటుక్కున ఆయన వంక తిరిగింది. మిసెస్ కొవాల్స్కీ కలం మళ్లీ కదిలింది.

“క్రమంగా వచ్చే సాయం కూడా ఆదాయమే,” అంటూ కాలిక్యులేటర్ మీటలు నొక్కి లెక్క చూసింది. “అయితే మీరు హద్దు దాటిపోయారు, మిసెస్ లూసీ. మీకు సాయం రాదు. నాకూ బాధగానే ఉంది.”

పరాయి మనిషి ముందు పాస్టరుని అబద్ధికుడనలేక, ఆయన కారెక్కేదాకా లూసమ్మ పళ్లు బిగపట్టింది. తలుపు పడగానే విరుచుకుపడింది.

“అయ్యగారూ! ఎక్కడున్నాయండీ ఆ రెండొందలు? నాకు తెలీకుండా నా దిండు కింద పెట్టి పోతన్నారా?”

“అది కాదమ్మా. సంఘం పరువు పోతుందని... వచ్చే నెల నుంచి నిజంగానే ఇద్దాం. అప్పుడది అబద్ధం కాదు గదా.”

“ఇస్తే ఇంకా నయం! నేనిచ్చిన పదో వంతు మీరు నాకే తిరిగిస్తే, అది నా ఆదాయమని గవర్నమెంటు మళ్లీ రాసుద్ది. దాంట్లో మళ్లీ పదో వంతు నేను మీకియ్యాలి. గానుగెద్దునా నేను? మీరు ఆవిడ దగ్గరికెళ్లి ఇచ్చేది లేదని చెప్పండి. అంతే.”

“పెద్దల్ని అడక్కుండా ఆ మాట ఎలా చెప్పనమ్మా?” అన్నారు అయ్యగారు నీరసంగా.

అబద్ధం చెప్పడానికి ఏ పెద్దలనీ అడగలేదు. నిజం చెప్పడానికి మాత్రం కమిటీ కావాలి! లూసమ్మ కారు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆదివారం ఆరాధనకి ముందు పెద్దలు చర్చి వంటగదిలో కూడారు. కోశాధికారి ఆనందబాబు నిట్టూర్చాడు. “మందిరం కట్టడానికి దాస్తున్న డబ్బండి అది. నెలకి రెండొందలంటే కుదరదు. అలాగని అయ్యగారు అన్న మాట వెనక్కి తీసుకుంటే మనం అబద్ధికులమవుతాం. నలుగురూ నవ్వుతారు. లూసీ గారు మా బేస్‌మెంటుకి వచ్చేస్తే సరిపోద్ది. ఇదివరకు ఆదుకోలేదా ఏంటి?”

“అద్దె పుచ్చుకున్నారు కదండీ,” అంది లూసమ్మ గుమ్మంలోంచి.

“తక్కువకే ఇచ్చాం కదండీ,” అన్నాడు ఆనందబాబు. ఆయన మొహంలో నిజంగానే నొచ్చుకున్న బాధ కనిపించింది. లూసమ్మకి ఒళ్లు మండిపోయింది. తిట్టినా తగలని మనిషిని ఏం చేస్తాం?

ఆరాధనలో సాక్ష్యాల వేళ వచ్చింది. ఎవరో కారు ప్రమాదం తప్పిందన్నారు. ఎవరో కొడుక్కి కాలేజీలో సీటొచ్చిందన్నారు. అందరూ స్తోత్రం, స్తోత్రం అన్నారు. అప్పుడు లూసమ్మ లేచింది. “మమ్మీ, ప్లీజ్, సిట్ డౌన్,” అని నవోమీ చీర కుచ్చెళ్లు పట్టుకుని లాగింది. లూసమ్మ విదిలించుకుంది.

“సంఘానికి వందనాలు. దేవుడు నన్ను నూటికి పది అడుగుతాడు. ఏనాడూ ఎగ్గొట్టలేదు. గవర్నమెంటు నూటికి ముప్పై అడుగుతోంది. అదీ కడతాను. ఇద్దరూ ఎంత కావాలో ముందే చెప్పారు, వాళ్లతో నాకు పేచీ లేదు. ఇప్పుడు మన సంఘం పరువు కోసం నా ఇల్లు అడుగుతున్నారు. ఇల్లు ఇచ్చేస్తే సరిపోద్దా, ఇంకేవైనా కావాలా? పెద్దలు ఆ లెక్క కూడా తేల్చి చెబితే కూర్చుంటాను.”

ఒక్కరూ స్తోత్రం అనలేదు. ఆనందబాబు పాటల పుస్తకం తిరగేస్తూ ఉండిపోయాడు. అయ్యగారు ప్రసంగపీఠం రెండు చేతులా పట్టుకున్నారు. కమిటీ వంక చూడకుండానే అన్నారు. “రేపు పొద్దున్నే తయారుగా ఉండమ్మా. నేనొస్తాను.”

సోమవారం పొద్దున ఆయన కోటు వేసుకురాలేదు. గోడౌను బట్టల్లోనే మిసెస్ కొవాల్స్కీ ఎదురుగా కూర్చున్నారు.

“మొన్న నేను చెప్పింది నిజం కాదండి. మేం ఈవిడకి రెండొందలు ఇవ్వడం లేదు.”

“మరెంత ఇస్తున్నారు?”

“ఏమీ ఇవ్వడం లేదు.”

ఆవిడకి నమ్మకం కుదరలేదు. మొన్నొక మాట, ఇవాళొక మాట. కలం పట్టుకుని తరచి తరచి అడిగింది. “ఇంటి సరుకులు?”

“లేదు.”

“పిల్ల చదువుకి?”

“లేదు.”

“కరెంటు బిల్లు? మందులు? పండగలకి?”

“లేదండి.”

లూసమ్మ కోరుకున్న జవాబులే అవన్నీ. ఒక్కొక్క ‘లేదు’కీ ఇల్లు తనకి దగ్గరవుతోంది. అయినా ఒక్కొక్కటీ వింటూ పైట చెంగు వేలికి చుట్టుకుంది. మూడేళ్లుగా పని, పిల్ల, ఆదివారం అని పరిగెత్తడమే సరిపోయింది. ఇలా వరసపెట్టి ఎవరూ అడగలేదు. తనకి తనూ చెప్పుకోలేదు.

“పోనీ, భర్త చనిపోయినప్పుడు?” అంది మిసెస్ కొవాల్స్కీ.

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. “పూలదండ తీసుకెళ్లాం.”

మిసెస్ కొవాల్స్కీ కలం ఆగింది. లూసమ్మ వంక చూసింది, మళ్లీ కాగితం వంక చూసింది.

“పూలదండ ఆదాయం కాదు,” అని, ముద్ర వేసి, సర్టిఫికెట్ లూసమ్మ ముందుకి జరిపింది.

కారు దగ్గర అయ్యగారు తలుపు తీసి పట్టుకున్నారు. లూసమ్మ ఎక్కలేదు. పైట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని, నడిబజారులో, నిలబడి ఏడ్చింది. ఆయనకి చేతులెక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

“ఇల్లు నిలబడింది కదమ్మా. ఇంకా ఎందుకు?”

“మొన్న మీరు అబద్ధమాడితే కోపమొచ్చింది. ఇవాళ నిజం చెబితే ఏడుపొస్తోంది,” అంది లూసమ్మ ముక్కు చీదుకుంటూ. “మీతో ఎట్టా వేగేదండీ అయ్యగారూ!”